గడపకి అటు లాప్‌టాప్, ఇటు టాబ్

పురిటి గదిలో ఫ్యాను వేయకూడదు. కిటికీ తీయకూడదు. బాలింత పగలు కునుకు తీయకూడదు, ఎక్కువ మాట్లాడకూడదు, ఫోను పట్టుకోకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు, ఒట్టి కాళ్లతో నేల తొక్కకూడదు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం పక్కన కుంపటి. పాపతో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే మా అమ్మమ్మ ఈ చట్టాలన్నీ చదివి వినిపించింది. గాజువాకలో మా అమ్మావాళ్ల ఇంట్లో, వంటింటి పక్కనున్న చిన్న గదిలో, ఆ చట్టాల కింద నేను ఖైదయ్యాను. వైజాగ్ ఎండాకాలం ఉక్క తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అమ్మమ్మ అంటే మా అమ్మకి అమ్మ. నా పురుడు పోయడానికే ఊరు నుంచి దిగింది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. ఆవిడ ముందు మా అమ్మ నోరెత్తదు. స్టీల్ ప్లాంటులో పనిచేసే నాన్న అయితే షిఫ్టు పేరు చెప్పి ఇంటికి ఆలస్యంగా రావడం నేర్చుకున్నాడు. తప్పించుకోలేనిదాన్ని నేనొక్కదాన్నే.

వేడిని ఎలాగో ఓర్చుకున్నాను. నాకు ఒళ్లు మండింది మైల దగ్గర. పురుడు స్నానం అయ్యేదాకా నేను ముట్టుకున్నదల్లా మైలే. గదిలోకి వచ్చిన వస్తువు గదిలోనే పడి ఉండాలి. నేను తిన్న కంచం బయటికి వెళ్లాలన్నా మీద నీళ్లు పోసి తీసుకెళ్లేవారు. నేను ఇంజినీరింగ్ డిప్లొమా చదివినదాన్ని, సైటులో మగవాళ్ల మధ్య నిచ్చెనలెక్కి కొలతలు తీసినదాన్ని. అలాంటిది గడప ఇవతల మంచం మీద కూర్చుని, ఎవరైనా మంచినీళ్లు ఇస్తారా అని ఎదురుచూడడం. చెప్పుకోవడానికే సిగ్గేసేది.

నా ఉద్యోగం ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో. ఇనుప ప్లేట్లు కోసి, వంచి, అతికి, ఎవరికి ఏం కావాలంటే అది చేసిపెడతారు. ఏది కోయాలన్నా ముందు నేను డ్రాయింగ్ గీయాలి. నేను పురిటికి సెలవు పెట్టాక నా కుర్చీలో ఒక కొత్త డ్రాఫ్ట్స్‌మన్‌ని కూర్చోబెట్టారు. తాత్కాలికమేనని మా ఓనరుగారు అన్నారు. తాత్కాలికం అనే మాట మీద నాకు నమ్మకం లేదు. మా షెడ్డు మీద తాత్కాలికంగా వేసిన రేకులు నేను చేరకముందు నుంచీ అలాగే ఉన్నాయి.

నా కుర్చీ నాకు నిలబడాలంటే ఒక్కటే దారి. ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐస్ ప్లాంటువాళ్లు, నలిగిన ఐసు జారి పడవ దాకా వెళ్లేలా వాలుగా ఒక రేకు తొట్టి చేసిపెట్టమన్నారు. మాకు అంత పెద్ద పని అదే మొదటిసారి. కడుపుతో ఉండి, ఎవరు వద్దన్నా వినకుండా, తెల్లారకముందే వెళ్లి ఆ కొలతలు తీసింది నేను. దారానికి గుండు కట్టి వేలాడదీసి చూస్తే వాళ్ల గోడ వంకరగా ఉందని కనిపెట్టింది నేను. సాయంత్రంలోగా ఆ డ్రాయింగ్ ఫైలు పంపకపోతే, ప్లేట్లు కోసే మెషిన్ మీద మాకు దొరికిన వంతు చేజారిపోతుందని, కొత్తాయనే మళ్లీ వెళ్లి కొలుచుకుని గీసేస్తాడని ఓనరుగారు ఆ పొద్దున్నే అమ్మ ఫోనుకి చేసి చెప్పారు. ఆయన ఒకసారి వెళ్లి కొలిచాడంటే పని ఆయనది, ప్లాంటువాళ్ల పరిచయం ఆయనది, కుర్చీ కూడా ఆయనదే. మా వ్యాపారంలో కొలిచినవాడిదే పని.

డ్రాయింగ్ పూర్తయ్యే ఉంది. నొప్పులు మొదలయ్యేదాకా నా టాబ్ మీద గీస్తూనే ఉన్నాను. ఆసుపత్రికి కూడా టాబ్ పట్టుకెళ్లాను. అలా నాతోపాటు దానికీ పురుడు అంటింది, నాతోపాటే గదిలో పడింది. దాని వైఫై ఏనాడో పోయింది. ఐస్ ప్లాంటులో నా చేతిలోంచి జారి తడి నేల మీద పడినప్పుడు వైఫై, బ్లూటూత్ రెండూ కలిసి పోయాయి. అందులోంచి ఫైలు బయటికి రావాలంటే వైరు పెట్టి లాప్‌టాప్‌లోకి లాగాలి, అక్కణ్నుంచి పంపాలి. టాబ్ తెరకి ఫోటో తీసి పంపెయ్యొచ్చు కదా అని మా ఆయన సలహా ఇచ్చాడు. ప్లేటు కోసే మెషిన్ ఫోటో చూసి కోయదు, దానికి ఫైలే కావాలి.

ఇక లాప్‌టాప్. అది షెడ్డుది. ఇంట్లోంచి పని చేసుకోమని ఓనరుగారే పంపారు. దసరాకి షెడ్డులో మెషిన్లతోపాటు దానికీ పూజ చేసి, మూత మీద పసుపు కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు చూసింది అమ్మమ్మ.

"పూజ సేసిన వొస్తువ. పురిటి గదిలో ఎట్టకూడదు" అని నేను ఆసుపత్రిలో ఉండగానే దాన్ని ముందుగదిలోకి మార్చేసింది.

నేను వచ్చాక అది ఎత్తుపీట మీద, బీరువా పక్కన, దేవుడిలా కూర్చుని ఉంది. టాబ్ బయటికి రాకూడదు. లాప్‌టాప్ లోపలికి రాకూడదు. నేను గడప దాటకూడదు. ఫైలు మాత్రం సాయంత్రంలోగా ఆటోనగర్ చేరాలి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో చిన్నప్పుడు సామెతల్లో చదువుకున్నాను, ఆ మధ్యాహ్నం బాగా అర్థమైంది.

చివరికి అమ్మ బతిమాలితే అమ్మమ్మ ఒక తీర్పు ఇచ్చింది. లాప్‌టాప్ ఎత్తుపీటతో సహా గడపకి అటువైపు ఉండొచ్చు. టాబ్ గడపకి ఇటువైపు, నా మంచం మీద. మధ్యలో వైరు. లాప్‌టాప్‌ని నేను తాకకూడదు, అమ్మ తాకాలి. మా అమ్మ అంతకుముందు లాప్‌టాప్‌ని తుడవడం తప్ప ఇంకేమీ చేయలేదు.

"నాకు భయంగా ఉందే. ఏటైనా అయిపోతే?" అంది అమ్మ, చేతులు చీరకి తుడుచుకుంటూ.

"ఏమీ అవదమ్మా, నేను చెప్పింది నొక్కు, చాలు" అన్నాను. నా గొంతు అప్పటికే పెద్దదైంది. బాలింత అరవకూడదని వంటింట్లోంచి హెచ్చరిక వచ్చింది.

మొదట మా ఆయన ఇక్కడ వదిలి వెళ్లిన ఫోను వైరు తెప్పించాను. రెండు వైపులా ఒకే రకం, చిన్న మూతి. టాబ్‌లో చక్కగా దిగింది. లాప్‌టాప్ పాతది, దానికి వెడల్పు మూతి రంధ్రాలే ఉన్నాయి. అమ్మ ఆ చిన్న మూతిని వెడల్పు రంధ్రంలో అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇందులో ఇది తిరుగుతోందే" అంది. తిరగదూ మరి?

తర్వాత అమ్మ ఫోను వైరు. దాని ఒక కొస వెడల్పు, లాప్‌టాప్‌కి సరిపోయింది. రెండో కొస పాత రకం, ఒకవైపు వాలుగా ఉండేది. టాబ్‌లోకి వెళ్లదు. రెండు వైర్లూ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒకదానికి తల సరిపోతే తోక సరిపోదు, ఇంకోదానికి తోక సరిపోతే తల సరిపోదు. ఈ కంపెనీలవాళ్లకి పురుడు పోసిన మంత్రసాని ఎవరో అని తిట్టుకున్నాను.

మూడోది దోమల బ్యాటుది. దాని వైరు మీద నాకు పెద్ద ఆశ లేదు గానీ రెండు కొసలూ సరిపోయాయి. టాబ్ మీద ఛార్జింగ్ గుర్తు వెలిగింది. నా గుండె కూడా వెలిగింది. "అమ్మా, అక్కడ ఏమైనా కనిపించిందా?" అన్నాను. "బొట్టు కనిపిస్తంది" అంది అమ్మ. మూత మూసేసి కూర్చుంది పాపం. తీయించాను. తెర మీద ఏమీ రాలేదు. తీసి పెట్టాను, టాబ్ ఆపి మళ్లీ వేశాను, అమ్మచేత రెండో రంధ్రంలో పెట్టించాను. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆ వైరులో కరెంటుకి కావలసిన తీగలే ఉంటాయి, మాట మోసే తీగలు వేయరు. దోమలతో మాట్లాడాల్సిన పనేముంది? ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి కూడా అరగంట సేపు ఆశపడ్డాను.

అప్పుడు మా ఆయనకి ఫోను చేయించాను. తను పోర్టులో కంటైనర్ యార్డులో పని చేస్తాడు. డ్యూటీకి వెళ్తూ దారిలో కొత్త వైరు ఒకటి కొని తెచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, పాపని దూరం నుంచే చూసి, వైరు అమ్మ చేతికి ఇచ్చాడు.

"షాపోడు ఒట్టేసి సెప్పినాడు, డేటా కూడా ఎల్తాదని" అన్నాడు. నా మొహం చూసి మెత్తగా, "పోతే పోనీలే. ఉజ్జోగం మళ్లీ సూసుకోవచ్చు. ఇప్పుడెందుకంత టెన్సన్ నీకు?" అన్నాడు.

మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నాకు మాత్రం కుంపటి తీసి నెత్తిన పెట్టినట్టయింది. పోతే పోనీలే అనడానికి ఆయనకి వీలుంది. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పాప ఇద్దరికీ పుట్టింది, గది నాకొక్కదానికే వచ్చింది. ఆ మాట పైకి అనలేదు, బాలింత ఎక్కువ మాట్లాడకూడదు కాబట్టి. ఆయన వెళ్లిపోయాడు.

"అలా కోప్పడకే" అంది అమ్మ. "బిడ్డ పుట్టినాక అందరూ మానేస్తన్నవాళ్లే. పాప కొంచెం ఎదిగాక సూసుకుందూ గానీ." అమ్మ కూడా. వైరు ఇలా విసరమన్నాను.

ఆ వైరు మంచిదే. టాబ్‌లో పెట్టగానే, ఛార్జింగ్ మాత్రమేనా, ఫైళ్లు కూడానా అని అడిగింది. ఫైళ్లు అని నొక్కాను. గడప అవతల లాప్‌టాప్ టింగుమంది. ఆ చప్పుడుకి అమ్మ వెనక్కి జరిగి, వెంటనే ముందుకి వంగింది.

"ఓలమ్మో, ఏదో వచ్చీసిందే! పెట్టెలా ఉంది. నీ టాబ్ పేరే రాసుంది!"

"దాన్ని రెండుసార్లు టకటకా నొక్కు."

"నొక్కీనా?"

"నొక్కమ్మా!"

నొక్కింది. ఫోల్డర్లు తెరుచుకున్నాయి. పేర్లు చదవమన్నాను. అమ్మ ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. సరిగ్గా అప్పుడే పాప లేచి గుక్కపట్టింది, పెరటి తలుపు తీసుకుని అమ్మమ్మ లోపలికి వచ్చింది.

"గడప మీద ఆ తాడేటి? లచ్చిందేవి ఉండే సోటు. తియ్యండి ముందు. ఓలే గుంటా, పిల్ల అలా ఏడుస్తంటే నీకు ఇనబడతం నేదా? సెవుల్లో దూదెట్టింది గాలికి, పిల్ల ఏడుపుకి కాదు. బేగి పాలియ్యి."

వైరు పీకించేసింది. నేను టాబ్ పక్కన పడేసి గోడవైపు తిరిగి పాపకి పాలు పట్టాను. ఒళ్లంతా చెమట, పొట్టనిండా పాలు పడాలని పెట్టిన పాల సొర చేప కూర, వెల్లుల్లి కారం. పాప తాగుతూ తాగుతూ నిద్రపోయేది, లేపితే మళ్లీ రెండు గుక్కలు. వెనకాల నీళ్ల చప్పుడు వినిపించింది. అంట్లు తోముతున్నారనుకున్నాను. ఆ కాసేపూ నా వేలిని పట్టుకుని ఉన్న పాప గుప్పిట చూస్తూ, ఈ పట్టు నన్ను ఎక్కడికీ పోనివ్వదని భయం వేసింది. అలా అనుకున్నందుకు ఇంకా భయం వేసింది. పాపని నేను కోరుకునే కన్నాను. కన్నాక నేను అనే మనిషి ఏమైపోతుందో ఎవరూ ముందు చెప్పలేదు.

పాపని పడుకోబెట్టి మళ్లీ వైరు అడిగాను. అమ్మ ఇచ్చింది. పెట్టాను. ఈసారి ఏమీ అడగలేదు. టాబ్ తెర మీద నీటిచుక్క బొమ్మ వచ్చింది. ఛార్జింగ్ రంధ్రంలో తేమ ఉంది, వైరు తీసేయమంది. తీసి పెట్టాను. మళ్లీ నీటిచుక్క. దోమల బ్యాటు వైరు పెట్టినా అదే. ఐస్ ప్లాంటులో టాబ్ తాగిన నీళ్లు ఇన్నాళ్లకి లోపల దాన్ని తినేశాయనుకున్నాను. టాబ్ పోతే ఫైలు పోయినట్టే, ఇంకెక్కడా దాని కాపీ లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డమంటే ఇదే అనుకుని, కూర్చున్నచోటే ఏడవడం మొదలుపెట్టాను.

ఏడుస్తూనే చెవిలో దూది తీశాను. కొంచెం చింపి, పిన్నీసుకి చుట్టి, టాబ్ రంధ్రంలో మెల్లగా తిప్పాను. బయటికి తీస్తే దూది పచ్చగా ఉంది. మొదట అర్థం కాలేదు. ఐసు పచ్చగా ఉండదు, తుప్పయినా ఎర్రగా ఉంటుంది. వాసన చూశాను. పసుపు.

వైరు కొస తిప్పి చూశాను. లోపల అంచున పసుపు ముద్ద సన్నగా పేరుకుని ఉంది. అంతవరకు ఆ వైరుని నేను చూడనే లేదు, తెర మీదే కళ్లు పెట్టి కూర్చున్నాను.

"అమ్మమ్మా! వైరుని ఏం చేశావ్?"

అమ్మమ్మ చేయి తుడుచుకుంటూ వచ్చింది. మొహంలో బెదురేమీ లేదు.

"ఏటి సేసాను? శుద్ధి సేసినాను. నీ కాడున్నదాన్ని ముట్టుకున్న కొస తీసుకెళ్లి మళ్లీ ఆ పూజ సేసిన వొస్తువలో ఎడతారు గదా. పసుపు నీల్లలో ముంచి కడిగీసినాను. రెండు పక్కలా కడిగినాను, తుడిసినాను కూడా."

"వైర్లు కడుగుతారా ఎవరైనా? అందులో కరెంటు ఉంటుంది! నా ఉద్యోగం పోతుందిక్కడ, నీకు మైల ఎక్కువైందా? మీ కాలంలో నీకెవరు చేశారు ఇవన్నీ? నీకు కుంపటి పెట్టారా, నీ చెవుల్లో దూది పెట్టారా?"

అమ్మ భయపడి నా వైపు చేయి ఊపింది, ఊరుకోమని. అమ్మమ్మ మాత్రం కోపం తెచ్చుకోలేదు. గడప దగ్గర చతికిలబడింది.

"నాకెవులు సేస్తారే? మా అత్త ముందే పోయింది. మీ యమ్మ పుట్టినప్పుడు వరి ఊడుపులు. మైల అని ఇంట్లోకి రానివ్వలేదు గానీ, సేలోకి మాత్రం దించీసినారు. పచ్చి ఒంటితో బురదలో నిలబడి ఊడ్సినాను. అప్పుడు పట్టిన నడుం నొప్పి ఇప్పటికీ ఒగ్గలేదు. అందుకే నాను సేత్తన్నాను నీకు. తిట్టు, ఏటైంది?"

కోపం పోయిందని చెప్పను, అది అక్కడే ఉంది. దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు, అంతే.

"తడిసింది ఆరితే పని సేస్తాదా?" అని అడిగింది అమ్మమ్మ.

"చేయొచ్చు."

"అయితే ఏడుపెందుకు? నీ జుత్తు ఆరబెట్టడం నేదా రోజూ?"

లేచి వెళ్లి, నా తలకి సాంబ్రాణి వేసే కుంపటి తెచ్చింది. సాంబ్రాణి వేయకుండా ఒట్టి నిప్పులే పెట్టింది. వైరు కొసల్లోని పసుపంతా నేను దూదితో తీసి ఇస్తే, సెగ తగిలీ తగలనంత ఎత్తులో వాటిని పట్టుకుని కూర్చుంది. టాబ్‌ని నేను నిలువుగా పట్టుకుని, రంధ్రం కిందికి పెట్టి, అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను. బాలింతకి గాలి తగలకూడదు గానీ టాబ్‌కి తగలొచ్చు. గదిలో వేడికి గోడలు కూడా చెమర్చేలా ఉన్నాయి. అమ్మ గడియారం చూసింది, నేను చూడలేదు.

మధ్యలో రెండుసార్లు పెట్టి చూస్తే నీటిచుక్కే వచ్చింది. మూడోసారి రాలేదు. ఛార్జింగా, ఫైళ్లా అని అడిగింది. గడప అవతల టింగుమంది.

ఈసారి గడప మీద వైరు ఉందని అమ్మమ్మ ఏమీ అనలేదు. అమ్మ నేను చెప్పినట్టే ఫోల్డరు తెరిచింది, ఐస్ ప్లాంటు పేరున్న ఫైలు పట్టుకుంది, లాగి పక్కన వదిలింది. ఒకసారి చేయి జారి ఎక్కడో పడేసింది, వెతికి తెచ్చింది. తన ఫోనులోంచి నెట్ ఇప్పించాను. మెయిలు తెరిపించాను. ఓనరుగారి పేరు మొదటి అక్షరాలు కొట్టగానే పూర్తి పేరు వచ్చేసరికి, "నాకన్నా దీనికే బాగా తెలుసే" అని నవ్వింది. పంపే గుర్తు మీద నొక్కేముందు నన్ను చూసింది. నొక్కమన్నాను. వెళ్లిపోయింది. ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం.

కాసేపటికి ఓనరుగారి ఫోను వచ్చింది. నాకు ఫోను ఇవ్వకూడదు కాబట్టి అమ్మ స్పీకర్ పెట్టి గడప దగ్గర పట్టుకుంది. ఆయన గోదావరి వైపు మనిషి, మాట చాలా మర్యాద.

"వచ్చిందమ్మా ఫైలు. ఎంత బాగా గీశారండీ! కొత్తాయన చూసి, ఇందులో అడగాల్సిందేమీ లేదండీ, అన్నీ ఉన్నాయన్నాడు. ఇంక మీరు నిశ్చింతగా ఉండండమ్మా. మిగతాది ఆయన చూసుకుంటాడు."

"బిగించేటప్పుడు నేను వస్తాను సార్. అక్కడ గోడ వంకరగా ఉంది. చూసుకుని బిగించాలి."

"అదీ డ్రాయింగ్‌లో వేశారు కదమ్మా. మీరెందుకండీ శ్రమపడడం? పచ్చి బాలింతలు. పాపని చూసుకోండి. ఏడాదో, రెండేళ్లో, ఎప్పుడో మీకు వీలు కుదిరినప్పుడు అప్పుడు చూద్దాంలెండి."

నాకు తెలిసిందంతా అందులో గీసేశాను. గీసినదంతా పంపేశాను. ఆ సంగతి ఆయన ఎంత తియ్యగా చెప్పారంటే, నేను థాంక్యూ సార్ అనేశాను కూడా. గది ఇంకా చిన్నదైపోయింది. ఇన్నాళ్లూ పురుడు స్నానం అయ్యాక బయటపడతానని రోజులు లెక్కపెట్టుకున్నాను. బయటపడి వెళ్లాల్సిన చోటు లేదిప్పుడు.

అమ్మ ఫోను కట్టేయకుండా అలాగే పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ కుంపటి దగ్గర్నుంచి, "ఏటంతన్నాడు?" అంది.

"ఇక రావొద్దంతన్నారు" అంది అమ్మ మెల్లగా. "దాని సోటులో వేరే ఆయన్ని ఉంచీసినట్టున్నారు."

అమ్మమ్మ లేచింది. అమ్మ చేతిలోంచి ఫోను లాక్కుని నోటికి అడ్డంగా పెట్టుకుంది. స్పీకర్ అక్కర్లేని గొంతు అది.

"బాబూ, నాను దాని అమ్మమ్మని. ఇనబడతందా? బారసాల అయిందాకా అది ఈ గడప దాటదు. నాను దాటనివ్వను, నువ్వు రమ్మన్నా పంపను. అయిన మర్నాడు నానే ఎమ్మటెట్టుకొచ్చి నీ కార్ఖానా కాడ దింపుతాను. పిల్లని నాను సూసుకుంటాను. పాలిచ్చే ఏలకి నానే తెస్తాను, సెట్టు కింద కూకుంటాను. అందాక దాని కుర్సీ తియ్యకు."

"అలాగేనండి మామ్మగారూ, చూద్దామండీ" అన్నారు ఓనరుగారు.

"సూద్దామేటి బాబూ? కడుపుతో ఉండి ఎల్లి కొలిసింది గదా, అప్పుడు సూద్దామన్నావా? నాను వస్తన్నాను, అంతే."

ఫోను ఎలా కట్టేయాలో ఆవిడకి తెలియదు. అలాగే అమ్మ చేతిలో పెట్టేసింది. నా దగ్గరకి వచ్చి, నేను తీసేసిన దూది బదులు కొత్త దూది ఉండ చేసి చెవిలో పెట్టింది.

"ఏడవకు, పాలు ఎండిపోతాయ్" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. నన్ను ఆ గదిలో పెట్టింది ఆవిడే. నేను అందులోంచి లేచి మళ్లీ పనిలోకి వెళ్తానని ఆ రోజు మా ఇంట్లో నమ్మింది కూడా ఆవిడొక్కతే. మా ఆయన నమ్మలేదు, అమ్మ నమ్మలేదు. ఆ మాటకొస్తే, థాంక్యూ సార్ అన్న క్షణానికి నేనూ నమ్మలేదు.